రాతి గులివింద ఇల్లు

విశాఖపట్నం వెళ్ళినవారిలో చాలామంది ఒడ్డున నిలబడి అలలను చూసి తిరిగి వస్తారు. ఈ నెల మేము ఆ అలల క్రింద ఉన్న నేలను గూర్చి, ఆ నేలను నమ్ముకొని బ్రతికే ఒక చేపను గూర్చి మీతో చెప్పదలచాము.

మన కోస్తా తీరమంతా ఒక్క తీరుగా ఉండదు. కృష్ణా గోదావరులు సముద్రంలో కలిసే చోట బురద నేలలు, మడ అడవులు ఉంటాయి. విశాఖ చేరేసరికి తూర్పు కనుమల కొండలు సముద్రం దాకా వచ్చేస్తాయి. డాల్ఫిన్ నోస్ కొండ నీటిలోకి ముక్కు చాచినట్టే ఉంటుంది. తెన్నేటి పార్కు దిగువన నీరు తగ్గిన వేళ నిలబడితే నల్లని రాళ్ళు బయటపడి కనిపిస్తాయి. ఆ రాళ్ళు ఒడ్డుతో ఆగిపోవు. నీటి అడుగున కూడా గుట్టలు గుట్టలుగా ఉంటాయి. గుట్టకూ గుట్టకూ మధ్య ఇసుక ఉంటుంది. రాయి, ఇసుక కలిసిన అటువంటి చోటే గులివిందకు ఇల్లు.

విశాఖ చేపల రేవులో తెల్లవారుజామున గంపల మధ్య నడుస్తూ, మీసాలున్న ఒక చేపను చూసి దాని పేరు అడిగాము. "రాతి గులివింద బాబూ, రాళ్ళకాడ పడతాది" అన్నది అమ్ముతున్న తల్లి. చేప పేరులోనే దాని చిరునామా ఉన్నది!

జానెడు పొడవున్న ఆ చేప ఇంకా పెరుగుతుంది. నలభై అయిదు సెంటీమీటర్ల దాకా పెరిగినవి కూడా ఉంటాయి. ప్రక్కన పొడవాటి పసుపు మచ్చ, తోక మొదట్లో గుండ్రని నల్లమచ్చ దీనికి గుర్తులు. ఆ నల్లమచ్చను, ఆ పేరును కలిపి చూస్తే మనకు గురివింద గింజ గుర్తుకు రాక మానదు. గడ్డం క్రింద రెండు మీసాలుండడం చేత ఇంగ్లీషువారు ఈ జాతి చేపలను మేక చేపలన్నారు.

ఆ మీసాలే దీని బ్రతుకు తెరువు. వాటి నిండా రుచి తెలుసుకునే మొగ్గలుంటాయి. మన నాలుక నోటిలో ఉంటే, దీని నాలుక గడ్డం క్రింద వ్రేలాడుతున్నదని చెప్పవచ్చును. ఇసుకపై ఈదుతూ మీసాలతో తడుముతుంది. లోపల దాగిన పురుగు, చిన్న రొయ్య, పీత పిల్ల ఎక్కడ ఉన్నదో రుచి తగిలి తెలుస్తుంది. వెంటనే మూతితో ఇసుకను త్రవ్వి పట్టుకుంటుంది. పని లేనప్పుడు మీసాలను గడ్డం క్రింది గాడిలోకి మడిచి పెట్టుకుంటుంది.

పొలం దున్నేటప్పుడు నాగలి వెంట కొంగలు నడవడం మీరు చూసే ఉంటారు. అడుగున కూడా అదే జరుగుతుంది. గులివింద జాతి చేప ఇసుక కదిలిస్తుంటే ఇతర చేపలు వెంటబడి, పైకి లేచిన పురుగులను ఏరుకు తింటాయి. ఒకరి కష్టం మీద నలుగురికి తిండి! వీటి గ్రుడ్లు నీటిలో తేలిపోతాయి. పిల్లలు కొంతకాలం పైనీటిలో తిరిగి, ఎదిగిన తరువాతనే అడుగుకు దిగుతాయి.

ఈ పేరు లోకానికి తెలియడం వెనుక ఒక చరిత్ర ఉన్నది. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖలో నివసించాడు. మన పల్లెల్లో అందరూ భయపడే రక్తపింజరకు ఇంగ్లీషులో ఈయన పేరే పెట్టారు. ఆయన విశాఖలో దొరికిన రెండు వందల చేపల బొమ్మలు వేయించి, తెలుగు పేర్లతో సహా 1803లో లండనులో పుస్తకంగా ప్రచురించాడు. అందులో రాతి గులివింద, బండి గులివింద రెండూ ఉన్నాయి. అదే సంవత్సరం జార్జి షా అనే పండితుడు రాతి గులివిందకు 'ఇండికస్' అని శాస్త్రనామం పెట్టాడు. బండి గులివిందకు 'బండి' అనే మన మాటనే పెట్టాడు గాని, ఆ చేపకు 1775లోనే వేరొక పేరు ఉన్నందున అది నిలువలేదు. చదువురాని జాలరి చెప్పిన మాట లండను గ్రంథానికి ఎక్కిందంటే, వారి జ్ఞానం ఎంత విలువైనదో ఆలోచించండి.

అయితే ఈ ఇంటికి నేడు ఒక ఆపద ఉన్నది. మరపడవల ట్రాల్ వలలు అడుగునేలను ఈడ్చుకుంటూ పోతాయి. వల చిరుగుతుందని రాళ్ళ జోలికి వెళ్ళరు. అందుచేత రాళ్ళ దగ్గర చేపకు కొంత రక్షణ ఉన్నది, గాలం వేసే చిన్న జాలరికి కొంత బ్రతుకు ఉన్నది. కాని గులివింద మేత రాతిలో లేదు, ప్రక్కనున్న ఇసుకలో ఉన్నది. ఇల్లు నిలిచి పొలం పాడైతే రైతు ఎలా బ్రతుకుతాడు? పైగా సన్నకన్ను వలలో వ్రేలెడు పిల్లలు కూడా పడతాయి. మనుష్యులు తినని అటువంటి చిన్న చేప ఎండి, పొడియై, కోళ్ళ మేతలోకి పోతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో జాలరి ఇంట పొయ్యి వెలగడం కష్టమే. అయినను విత్తనాలు తినివేసిన రైతుకు పంట లేదన్నది మన పల్లెవారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. సంతలో చేప కొనేటప్పుడు వ్రేలెడు పిల్లలను విడిచి, ఎదిగిన చేపనే అడగండి. కొనేవాడు లేని పిల్లచేప కోసం సన్నకన్ను వల వేసేవారు తగ్గుతారు.