పాత చీర ఉద్యోగాలు

ఈమధ్య బట్టల కొట్టుకి వెళ్లారా? చొక్కా మెడకి ఆకుపచ్చ చీటీ ఒకటి వేలాడుతుంటుంది, పర్యావరణానికి మేలు చేసే బట్ట అని. చీటీ సంగతి తర్వాత. ముందు చొక్కా తిరగేసి లోపలి కుట్లు చూడండి. పావంగుళం గుడ్డ కూడా మిగిల్చరు. ఓవర్‌లాక్ మిషను అంచు కోసి పారేసి ఉంటుంది. మనిషి కాస్త ఒళ్లు చేశాడా, ఆ చొక్కా కథ కంచికే.

వీధి చివర టైలరు అలా కాదు. జాకెట్టుకి రెండు పక్కలా అంగుళం గుడ్డ లోపలికి మడిచి వదిలేవాడు. పెళ్లికి కుట్టించుకున్న జాకెట్టు, ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా కుట్లు విప్పుకుని వేసుకునేవారు. పరికిణీల సంగతి ఇక చెప్పాలా? అడుగున రెండు మూడు టక్కులు వేయించి, పిల్ల పొడుగయ్యే కొద్దీ ఒక్కోటీ విప్పేవారు. విప్పినచోట గుడ్డ వెలవకుండా పట్టీలాగా మెరుస్తూ, పరికిణీ వయసు వీధంతా చాటేది. పిల్లకి నామోషీ! అమ్మకి చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు.

లెక్క మాత్రం అమ్మదే సరైంది. ఒక్క నూలు టీషర్టు వెనక సుమారు 2,700 లీటర్ల నీళ్లుంటాయని అంచనా. అందులో చాలా భాగం పత్తి చేను తాగేదే. నాలుగుసార్లు తొడిగి మూలపడేస్తే, చీటీ ఏ రంగుదైతే ఏం లాభం?

నేత చీరైతే కట్టీ ఉతికీ మెత్తబడ్డాకే అసలు ఉద్యోగాల్లో చేరుతుంది. ముందు చంటిబిడ్డకి పొత్తిగుడ్డలు, దూలానికి ఉయ్యాల. తర్వాత నాలుగైదు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, దూరదూరంగా కుట్లు వేస్తే బొంత. అదీ చిరిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డ. మధ్యలో స్టీలు సామాన్లావిడ వచ్చిందంటే బేరమే బేరం. చీర వెలుతురుకి ఎత్తిపట్టి, చిరుగు దొరకబుచ్చుకుని, గిన్నె ఇస్తానన్నది గ్లాసుతో సరిపెట్టేది.

పాలిస్టరుకి ఈ ఉద్యోగాలేవీ రావు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు కనిపెట్టిన ఈ పోగు నలగదు, తొందరగా ఆరుతుంది. ఊరికే తిట్టిపోయడం న్యాయం కాదు లెండి. గంజి పెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసే చాకిరీ ఎవరి నెత్తిన పడేదో మనకి తెలుసు. ఆఫీసుకి పరిగెత్తే ఆవిడకి ఆ చీర నిజంగానే ఓ సాయం. కానీ చెమట పీల్చదు, ఒలికిన పాలు తుడవదు. ఉతికినప్పుడల్లా కంటికి కనబడని ప్లాస్టిక్ నూగు నీళ్లలో వదులుతుంది. నూలుతో కలిపి నేస్తే మరీ చిక్కు, మళ్లీ విడదీయడం మహా కష్టం.

అందుకని, నూలు చీరని చెప్పి అమ్ముతుంటే, కొట్టువాణ్ణి అడిగి పమిట కొస కుచ్చులోంచి ఒక్క పోగు లాగండి. బయటికి తెచ్చి అగ్గిపుల్లకి చూపండి. నూలైతే కాగితం కాలిన వాసనేసి బూడిద రాలుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టిగా ఉండ కడుతుంది. ఈ పని మాత్రం బిల్లు కట్టకముందే చేయండి.