నాన్న చెప్పిన అబద్ధం

ఫస్ట్ శాలరీ పడగానే నాన్నకి బైనాక్యులర్స్ కొన్నా. బస్సు డ్రైవర్‌గా ముప్ఫై ఏళ్లు చేశాడు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది కదా, చలికాలంలో అటూ ఇటూ ఫ్లెమింగోలు. స్టీరింగ్ పట్టుకున్నవాడు పక్కకి చూడలేడు. “ఎప్పటికైనా తీరిగ్గా పిట్టల్ని చూడాల్రా” అనేవాడు.

నేనేమో అంకె ఎంత పెద్దదైతే అంత గొప్పనుకుని 20×50 ఆర్డర్ పెట్టేశా. ఫోన్ కెమెరా జూమ్ చూసి పెరిగిన బుర్ర మరి!

నేలపట్టు వెళ్లాం. చెట్ల నిండా గూడబాతులు. నాన్న కళ్లకి పెట్టుకుని “బాగానే కనిపిస్తున్నాయ్‌రా” అన్నాడు. నేను తీసుకుని చూస్తే కొమ్మ, ఆకాశం, మళ్లీ కొమ్మ. చేతి వణుకు కూడా ఇరవై రెట్లవుతుందని అప్పుడు తెలిసింది. ఇక నాన్న కళ్లజోడు పెట్టుకుంటాడు. నా చలవద్దాల మీంచి చూశా. మధ్యలో చిన్న గుండ్రం, చుట్టూ చీకటి. ఆయనకేం కనిపించిందో అర్థమైంది.

పక్కనున్న ఒకాయన తనది ఇచ్చారు. 8×42. ఎనిమిదంటే ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే కంట్లోకొచ్చే వెలుగు గుండ్రం ఎంతో తెలుస్తుందట. ఆయనదానికి 5.25, నాదానికి 2.5. మసక వెలుతురులో కంటిపాప పెద్దదవుతుంది, నాది ఏ మూలకి? కళ్లజోడు వాళ్లయితే ‘ఐ రిలీఫ్’ కనీసం 15 మిల్లీమీటర్లు ఉందో లేదో చూసుకోవాలి, కంటికప్పుల్ని కిందికి తిప్పేసుకోవాలి. ఇవన్నీ ఆయన నాకు చెబుతున్నారు.

నాన్న వినట్లేదు. చాలాసేపటికి, “పిల్ల తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చేసి తింటోంది చూడ్రా!” అన్నాడు. చూడమన్నాడే గానీ, ఇవ్వలేదు.

తర్వాతి నెల షాపుకే తీసుకెళ్లా. కళ్లజోడుతోనే పెట్టుకుని, వీధి చివర బోర్డు చదివి, ఆయనే 8×42 ఎంచుకున్నాడు. సగం డబ్బు తనే ఇచ్చాడు.

పాతది అమ్మేద్దామంటే ఒప్పుకోడు. టీవీ పక్కనే ఉంది, కవర్ కూడా తీయలేదు.