తోడు, కాపలా

మన ఇళ్ళల్లో ఆడపిల్ల చిన్నప్పటినుంచీ వినే మాటల్లో 'తోడు' ఒకటి. "ఒక్కదానివే వెళ్ళకు, తమ్ముణ్ణి తోడు తీసుకెళ్ళు." ఆ తమ్ముడికి ఏడేళ్ళుంటాయి, దారి కూడా సరిగ్గా తెలియదు. అయినా పన్నెండేళ్ళ అక్కకి వాడే తోడు. తర్వాత పరీక్షలకి నాన్న, కౌన్సెలింగుకి బాబాయి, పెళ్ళయ్యాక భర్త. ఈ తోడులో ఆసరా ఎంత, కాపలా ఎంత అని మనం విడదీసి చూసుకోం. ఆ రెండింటికీ ఉన్న తేడా నాకు ముప్పై మూడో ఏట తెలిసింది, పానిక్ జబ్బుతో ఇల్లు కదలలేకపోయిన రోజుల్లో. తెలియజెప్పింది నేను చదివిన సిద్ధాంత గ్రంథాలు కాదు. మా తిరువూరులోనే, నాలాగే గడప దాటలేకపోయిన మరో ముగ్గురు స్త్రీలు.

2022 వానాకాలంలో మొదలైంది. అప్పటికి డాక్టరేట్ వచ్చి నాలుగేళ్ళు. విజయవాడలో ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా వారానికి మూడు రోజులు వెళ్ళివచ్చేదాన్ని. ఒకరోజు బస్సు మైలవరం దాటాక ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. చేతులు తిమ్మిరెక్కాయి, ఎంత పీల్చినా ఊపిరి చాలడం లేదు. చచ్చిపోతున్నానని అనుమానం కాదు, నమ్మకం. ఇసిజి తీశారు, థైరాయిడ్ చూశారు, రక్తపరీక్షలన్నీ చేశారు. "ఏమీ లేదమ్మా" అన్నారు. ఆ 'ఏమీ లేనిది' మళ్ళీ కొండపల్లి దగ్గర వచ్చింది. తర్వాత బస్సెక్కకముందే తిరువూరు బస్టాండులో వచ్చింది, ఆ తర్వాత బోసుబొమ్మ సెంటర్లో, కూరగాయలు కొంటుండగా. రెండు నెలలు తిరిగేసరికి నా ప్రపంచం మా వీధరుగు దగ్గర ఆగిపోయింది.

ఈ జబ్బు పనిచేసే తీరు తెలిస్తే అందులో ఒక క్రూరమైన తర్కం కనిపిస్తుంది. పానిక్ దాడి మామూలుగా పది నిమిషాల్లోపే పతాకస్థాయికి చేరి, తర్వాత దానంతటదే తగ్గుతుంది. కానీ ఆ పది నిమిషాలు ఎవరూ ఆగరు, పారిపోతారు. పారిపోగానే హాయిగా ఉంటుంది. ఆ హాయి మెదడుకొక పాఠం చెబుతుంది: 'చూశావా, ఆ చోటు నిజంగానే ప్రమాదం, వచ్చేశావు కాబట్టి బతికావు.' అలా తప్పించుకున్న ప్రతిసారీ వెళ్ళగలిగిన చోట్లు ఒక్కొక్కటే తగ్గిపోతాయి. చివరికి భయానికే భయపడతాం. దీన్నే అగోరాఫోబియా అంటారు.

మూడు నెలలు నేను గడప దాటకపోతే మా వీధిలో ఎవరికీ వింతగా అనిపించలేదు. "అంత చదువుకున్నా ఎంత ఒద్దికగా ఉంటుందో" అన్నారు. దూరాభారం ఉద్యోగం మానేసినందుకు అమ్మ లోలోపల కుదుటపడింది. అదే నా వయసు మగవాడు మూడు రోజులు అరుగు దిగకపోతే, నాలుగో రోజున వీధంతా వచ్చి ఏమైందని అడిగేది.

ఇది నా ఒక్కదాని ఊహ కాదు, ఈ జబ్బు చరిత్రలోనే ఉంది. 1871లో దీనికి పేరుపెట్టిన బెర్లిన్ వైద్యుడు కార్ల్ వెస్ట్‌ఫాల్ వర్ణించిన ముగ్గురు రోగులూ మగవాళ్ళే. అందులో ఒకాయన ఊళ్ళు తిరిగి సరుకు అమ్మే ఉద్యోగి. 'అగోరా' అంటే గ్రీకులో సంత, సభాస్థలం. అక్కడ ఉండవలసిన మగవాడు అక్కడికి వెళ్ళలేకపోవడం వెంటనే జబ్బుగా కనిపించింది. వందేళ్ళు తిరిగేసరికి అదే ఇల్లాళ్ళ జబ్బయింది. 1960లలో బ్రిటన్‌లో అగోరాఫోబియా ఉన్నవాళ్ళు 'ది ఓపెన్ డోర్' అనే ఉత్తరాల క్లబ్బు పెట్టుకున్నారు. ఆ సభ్యుల్లో 1200 మందిని మార్క్స్, హెర్స్ట్ అనే పరిశోధకులు సర్వే చేసి 1970లో ప్రచురించారు. వాళ్ళలో అత్యధికులు స్త్రీలు, అందులోనూ గృహిణులు. బయటికి రాలేని ఆడవాళ్ళు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవడమన్న ఆ ఒక్క విషయం నన్ను చాలా రోజులు వదల్లేదు.

సాహిత్య విద్యార్థినిగా నేను ఈ జబ్బుని ముందు కాగితాల మీదే కలిశాను. గిల్బర్ట్, గూబర్‌ల 'మ్యాడ్ వుమన్ ఇన్ ది ఆటిక్' (1979)లో పంతొమ్మిదో శతాబ్దపు రచయిత్రుల్ని చుట్టుముట్టిన జబ్బుల జాబితాలో అగోరాఫోబియా ఉంది. సైడెన్‌బర్గ్, కరెన్ డిక్రో కలిసి 1983లో రాసిన 'వుమెన్ హూ మ్యారీ హౌసెస్' దాన్నొక నిరసనగా చదివింది. పితృస్వామ్యం స్త్రీకి ఇల్లే లోకం అంటే, ఆమె ఆ మాటని అక్షరాలా పాటించి చూపెడుతుందన్నమాట. ఆ వాదనలో నిజముంది, ఇప్పటికీ కాదనను. కానీ ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకి వెళ్ళి పెసరపప్పు తెచ్చుకోలేనప్పుడు, నా గుండెదడకి ఎంత గొప్ప అర్థముందో తెలిసినా అడుగు పడదు.

అడుగు పడింది ఇంకోలా. విజయవాడలో సైకియాట్రిస్టు దగ్గరికి ఇంట్లోవాళ్ళు కారులో తీసుకెళ్ళారు. బయట బెంచీ మీద నా పక్కన నలభై అయిదేళ్ళావిడ కూర్చుని ఉంది.

"ఏ ఊరమ్మా మీది?"

"తిరువూరండీ."

"మాదీ తిరువూరే! నీకూ గుండెదడేనా? నాకు పదకొండేళ్ళమ్మాయ్. చచ్చిపోతన్నాననుకుంటా వెయ్యిసార్లు అనుకునుంటా. ఇదిగో, ఇంకా జాకెట్లు కుడతానే ఉన్నా."

అప్పటిదాకా నాకు అందరూ చెప్పింది "ఏమీ లేదు" అనే. ఆమె 'ఉంది' అంది, 'ఉన్నా చావలేదు' అంది. ఆ రెండు మాటలూ కలిపి చెప్పగలిగేది అందులోంచి నడిచొచ్చిన మనిషే.

2023 మొదట్లో ఆ అక్క ఇంటి ముందుగదిలో, కుట్టుమిషను పక్కన, మంగళవారం మధ్యాహ్నాలు కలవడం మొదలుపెట్టాం. అక్క, నేను, డిగ్రీ మధ్యలో ఆపేసిన ఇరవయ్యేళ్ళ అమ్మాయి, పక్క వీధిలో ఒక కోడలు. మొత్తం నలుగురం. మగ్గం పని నేర్చుకుంటున్నామని వీధివాళ్ళు అనుకున్నారు, మేమూ కాదనలేదు.

డాక్టరు మందులతో పాటు మెట్లమెట్లుగా ఒక పట్టిక రాసిచ్చారు. మొదట వీధి చివర, తర్వాత కొట్టు, తర్వాత సెంటరు, చివర బస్సు. దాన్ని ఒక్కదాన్నే మొదలుపెట్టలేకపోయిన నేను, వాళ్ళతో కలిసి ఎక్కగలిగాను. ఎందుకని ఆలోచిస్తే మాలో మేము పెట్టుకున్న మూడు కట్టుబాట్లు కనిపిస్తాయి.

మొదటిది, "ఎందుకు భయం?" అని అడగకూడదు. "ఇప్పుడెంత?" అని అడగాలి. వైద్యులు సున్నా నుంచి వంద దాకా అంకె వేయమంటారు. మాకు పావలా, అర్ధరూపాయి, ముప్పావలా, రూపాయి చాలు. "ఎందుకు" అని అడిగితే సంజాయిషీ చెప్పుకోవాలి. "ఎంత" అని అడిగితే లెక్క చెబితే సరిపోతుంది. లెక్క చెప్పేసరికే కాస్త తగ్గుతుంది.

రెండోది, రూపాయి భయం అర్ధరూపాయికి దిగేదాకా ఉన్నచోటు నుంచి కదలకూడదు. క్లేర్ వీక్స్ అని ఒక ఆస్ట్రేలియా డాక్టరు. తను కూడా ఈ గుండెదడ బాధపడినావిడే. 1962లో నరాల జబ్బు మీద సామాన్యుల కోసం ఒక పుస్తకం రాసింది. ఎదుర్కో, ఒప్పుకో, తేలు, కాలాన్ని గడవనీ అన్నవి ఆమె చెప్పిన నాలుగు మాటలు. ఆ 'తేలడం' ఏమిటో తెలుగులో చెప్పలేక నేను తడుముకుంటుంటే అక్క అందుకుంది: "వచ్చిందా, రానీ. కూచోనీ. దాని పని అది చేసుకుంటది, నీ పని నువ్వు చేసుకో." అంతకంటే మంచి అనువాదం నాకు దొరకలేదు.

మూడోదే అన్నిటికంటే ముఖ్యం. తోడొచ్చిన మనిషి వారం వారం వెనక్కి జరగాలి. మొదటి వారం పక్కన నడుస్తుంది, రెండో వారం పది అడుగుల వెనక. తర్వాత వీధి మలుపులో నిలబడుతుంది. ఆ తర్వాత ఇంట్లోనే ఉంటుంది. చేరామని మిస్డ్ కాల్ ఇస్తే చాలు. మా ఇళ్ళలో వాళ్ళు ఇచ్చిన తోడు దీనికి సరిగ్గా తలకిందులు. నాన్న "నేనొస్తాలే" అన్నప్పుడల్లా ప్రేమతోనే అన్నారు. కానీ ఆయన వచ్చినన్నాళ్ళూ, ఆయన లేకపోతే నేను లేనన్న పాఠమే నా ఒంటికి ఎక్కింది. కాపలా రోజురోజుకీ తన అవసరాన్ని పెంచుకుంటుంది. తోడు తగ్గించుకుంటుంది.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ మనందరికీ తెలిసిందే. ఇల్లు అలుకుతూ అలుకుతూ పేరు మరిచిపోయిన ఇల్లాలికి భర్త, పిల్లలు, చివరికి కన్నతల్లి కూడా ఆ పేరు తెచ్చివ్వలేకపోతారు. తెచ్చిచ్చేది చిన్ననాటి స్నేహితురాలు. నేను ఆ కథని క్లాసులో ఎన్నోసార్లు అస్తిత్వం గురించి పాఠంగా చెప్పాను. జబ్బు తర్వాత చదివితే అది సాటిమనిషి గురించిన కథ. మనల్ని కూతురిగా, భార్యగా, అమ్మగా చూడని ఒక మనిషి కావాలి, మన సమానంగా నిలబడి చూసే మనిషి. పాలని పెరుగు చేసేది ఇంకో చెంచాడు పెరుగే కదా. దాన్నీ మనం తోడు అనే అంటాం.

ఇంత చెప్పాక, తేలికగా తేలని ఒక చిక్కు కూడా చెప్పాలి. డిగ్రీ అమ్మాయి పట్టికలో 'బస్టాండులో పది నిమిషాలు నిలబడటం' అన్న మెట్టు వచ్చింది. నిలబడింది. భయం రూపాయికి చేరింది, పది నిమిషాలైనా దిగలేదు. అడిగితే అప్పుడు బయటపెట్టింది, కాలేజీ రోజుల్లో వెంటపడ్డ కుర్రాళ్ళు ఇప్పటికీ అక్కడే బండ్ల మీద కూర్చుంటారట. ఇది కూచోనిచ్చి తగ్గించుకోవలసిన భయమేనా? అక్క ఒక్క మాటలో తేల్చింది: "ఇది జబ్బు భయం కాదమ్మాయ్, బుద్ధి భయం." ఆ రోజునుంచి మేము ఆ రెండింటినీ విడిగా లెక్కేసుకున్నాం. జబ్బు భయానికి ఆగి నిలబడాలి. బుద్ధి భయానికి నలుగురం కలిసి వెళ్ళాలి. వెళ్ళాం, కంట్రోలరుతో చెప్పాం, వాళ్ళెదురుగానే నలుగురం అరగంట నిలబడ్డాం. రోడ్డు ఆడవాళ్ళకి నిజంగా ప్రమాదంగా ఉన్న సమాజంలో ప్రతి భయాన్నీ జబ్బు అనడం అన్యాయం. అలాగని ప్రతి భయాన్నీ వివేకమే అనుకుంటే మళ్ళీ ఇంట్లోనే కూర్చుంటాం. ఈ తేడా పట్టుకోవడానికి వైద్యశాస్త్రం ఒక్కటే చాలదు, స్త్రీవాదం ఒక్కటే చాలదు. అదే రోడ్డు మీద నడిచే ఇంకో ఆడమనిషి కావాలి.

అందరమూ బాగుపడ్డామని రాయలేను. ఆ కోడలు ఆరు నెలలకి ఆగిపోయింది. "పిచ్చివాళ్ళ గుంపు" అంది అత్తగారు. భర్త మంచివాడే. "ఎక్కడికి కావాలంటే అక్కడికి నేనే బండి మీద తీసుకెళ్తాగా, వాళ్ళతో ఎందుకు?" అన్నాడు. ఆ మాటకి ఆమె ఏం జవాబు చెప్పగలదు? ఇప్పటికీ ఏదో ఒక మంగళవారం అక్క ఫోను ఒక్కసారి మోగి ఆగిపోతుంది. అక్క మిషను ఆపి, తిరిగి ఒక్క రింగు ఇస్తుంది.

తోటివాళ్ళ ఆసరాని వైద్యానికి బదులుగా చూపించడం కూడా నాకు సమ్మతం కాదు. నాకు మందులు పనిచేశాయి, డాక్టరు పనిచేశారు. నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం ఆందోళన, కుంగుబాటు వంటి సమస్యలున్న వాళ్ళలో దాదాపు 85 శాతానికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ లేవు. 2017 చట్టం మానసిక వైద్యాన్ని హక్కుగా ఒప్పుకుంది. 2022 అక్టోబరు నుంచి 14416 టెలీమానస్ నంబరుకి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇవి పెరగాలి. వాటి బదులు "మీలో మీరే చూసుకోండి" అంటే, ఆడవాళ్ళు ఇన్నాళ్ళూ జీతంలేకుండా చేసిన చాకిరీలో ఇదొకటి చేరుతుంది. అక్క మంగళవారం మధ్యాహ్నం ఖరీదు రెండు జాకెట్ల కుట్టుకూలి. పొదుపు సంఘం పుస్తకంలో దానికి గడి లేదు.

ఒక ప్రభుత్వ నిర్ణయం మాత్రం మాకు అనుకోకుండా కలిసొచ్చింది. బస్సు మెట్టుకి వచ్చేసరికి మాకు అడ్డంపడింది భయం ఒక్కటే కాదు, చార్జీ డబ్బులు. ఇంట్లో అడిగితే ఎక్కడికో చెప్పాలి. "ఎక్కడికీ కాదు, ఊరికే ఒక స్టేజీ వెళ్ళి దిగి రావడానికి" అని ఏ ఆడది చెప్పగలదు? 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి ఉచిత ప్రయాణం మొదలయ్యాక, ఆధార్ కార్డు చూపించి ఎ.కొండూరు దాకా వెళ్ళి, దిగి, ఎదురు బస్సెక్కి వస్తున్నారు అక్క, ఆ అమ్మాయి. పని లేకుండా ఊరు తిరిగే హక్కు ఆడవాళ్ళకెందుకు ఉండకూడదని శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్?' పుస్తకంలో బొంబాయి గురించి అడిగారు. పదకొండేళ్ళు సెంటరు దాటని తిరువూరు దర్జీ అక్క ఆ పుస్తకం చదవకుండానే పల్లెవెలుగు కిటికీ పక్కన కూర్చుని దానికి జవాబు చెబుతోంది.

నేను 2024 నుంచి మళ్ళీ పాఠాలు చెబుతున్నాను. దడ ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. పావలా, అర్ధరూపాయి. కూచోనిస్తాను.

ఈ పత్రిక చదివే మనలో చాలామందిమి సెమినార్లు నడుపుతాం, సంకలనాలు తెస్తాం, మీటింగులు పెడతాం. చివరి నిమిషంలో "ఒంట్లో బాగాలేదు, రాలేను" అని కబురుపెట్టే స్త్రీలు మనందరికీ తెలుసు. వాళ్ళని బాధ్యత లేనివాళ్ళ జాబితాలో వేసేముందు ఒక్కసారి ఫోన్ చేసి "ఎందుకు" అనకుండా "ఇప్పుడెంత?" అని అడిగి చూద్దాం. తలుపు పక్క కుర్చీ ఒకటి ఖాళీగా ఉంచుదాం, మధ్యలో లేచి వెళ్ళినా ఎవరూ తలతిప్పి చూడరని ముందే చెబుదాం. ఆమె నాలుగుసార్లు వచ్చి అలవాటుపడ్డాక ఆ ఫోన్ మానేద్దాం. అవసరం తీరాక పక్కకి తప్పుకోవడం కూడా తోడులో భాగమే.