పిచ్చుక బొమ్మ చొక్కా

నడవమని మీకు చెప్పిన వైద్యుడు, ఏమి తొడుక్కొని నడుస్తారని ఎన్నడైనా అడిగాడా? ప్రభుత్వ కొలువులో ఉన్నన్నాళ్లూ నేనూ అడగలేదు.

ఇటీవల నా మేనకోడలికి మధుమేహం బయటపడింది. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవమన్నాను. ఉత్సాహంగా టీషర్టు కొనబోయింది. పిచ్చుక బొమ్మ ఉన్నదొకటి నచ్చింది. కానీ సైజులు ఎక్స్‌ఎల్‌తో ఆగిపోయాయి. "పెద్దవి జెంట్స్ సెక్షన్‌లో చూడండమ్మా" అన్నాడట దుకాణం కుర్రవాడు. అక్కడివి ఆమెకు భుజాల వద్ద జారాయి, తుంటి వద్ద బిగిశాయి. వట్టి చేతులతో తిరిగివచ్చింది. నడక మొదలుకాలేదు. నేను మందలించగా, "సన్నబడ్డాకే చొక్కా కొనుక్కోవాలా, మావయ్యా?" అన్నది. నా వద్ద జవాబు లేకపోయింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది. వారందరికీ ఎక్స్‌ఎల్ చాలదని కాదు. చాలనివారు అరుదూ కారు. పెద్ద సైజుకు ఛాతీ, చంక, తుంటి కొలతలను వేర్వేరుగా పెంచాలి. బొమ్మ అచ్చునూ పెంచాలి. అది ఖర్చే. అయితే బిగుతు బట్టల్లో చెమట నిలిచి, చర్మపు మడతలు ఒరుసుకుని పుండ్లు పడటమూ, తామర రావటమూ ఖర్చే కదా!

చివరకు దర్జీ చేత వదులైన నూలు చొక్కా కుట్టించాము. నడుస్తున్నది. దానిపై పిచ్చుక లేదు. ఆ లోటు చిన్నదని నేననను.

మీ ఇంట నడక మానినవారిని నిందించే ముందు, ఒంటికి సరిపడే బట్టలున్నాయేమో అడగండి.