లిండ్స్‌బోర్గు పురపరిచయము

కాన్సాసు రాష్ట్రమున విచితా, సలైనా నగరముల నడుమ సాగు పెద్ద రహదారిని విడిచి పడమరగా కొలదిదూరము వచ్చినవారికి, గోధుమచేల మధ్య, స్మోకీ హిల్ నదికి ఆనుకొని, నాలుగువేల జనమైనను లేని ఒక చిన్న ఊరు కనబడును. మన సమావేశమునకు ఈ పర్యాయము ఆతిథ్యమిచ్చుచున్న లిండ్స్‌బోర్గు ఇదియే. ఇంతకన్న పెద్ద నగరములును, ఇంతకన్న విశాలమైన సభామందిరములును ఈ రాష్ట్రమున లేకపోలేదు. అయినను, దూరదేశమున తమ పాటను, పండుగను, పనితనమును నిలుపుకొనవలెనని తపించువారు నాలుగు దినములు కలిసియుండుటకు ఇంతకంటె తగిన తావు వేఱొకటి లేదని నా నమ్మకము. ఏలయన, ఈ ఊరు పుట్టినదే ఆ తపనతో, నూటయేబదియేండ్లకు పైగా బ్రదుకుచున్నదియు ఆ తపనతోనే.

1867, 1868 సంవత్సరములలో స్వీడను దేశమున పంటలు వరుసగా చెడెను; ఒక యేడు వేసవి వచ్చినను వీడని చలి, మరుసటి యేడు అనావృష్టి. అట్టి కాలమున వేర్మ్‌లాండు సీమలో మతాచార్యుడుగా నున్న ఊలోఫ్ ఊల్సన్ తన సంఘమువారిని వెంటబెట్టుకొని సముద్రము దాటి 1869లో ఇచటికి వచ్చెను. అంతకు ముందేడే చికాగోలోని స్వీడిషువారు కొందఱు ఒక వ్యవసాయ కంపెనీగా ఏర్పడి ఈ నదీపరిసరమున పదమూడువేల యెకరములకు పైగా నేల కొనిపెట్టియుండిరి. చెట్టు కరవైన మైదానమగుటచే ఇంటికి కలప లేదు. గట్టులను తొలిచియు, పచ్చికతో కూడిన మట్టిపెళ్లలను పేర్చియు కట్టుకొన్న గూళ్లలో తొలి చలికాలములను గడపిరి. 1874లో మిడుతలదండు కాన్సాసు పైరునంతను మేసిపోయెను. కొండాపురము, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్టనేలలో పుట్టి పెరిగిన నాకు ఈ కథ పరాయిదిగా తోపదు. ఆ దశాబ్దముననే, 1876 మొదలు 1878 వరకు, ధాత కరవు మా సీమల నెట్లు పీల్చి పిప్పిచేసినదో మా పెద్దలు తమ పెద్దలవలన విని చెప్పుచుండెడివారు. మొగులువంక చూచుచు చేయు సేద్యమెట్టిదో తెలిసిన వారికి, అట్టి కష్టదశాబ్దము ముగిసిన వెనువెంటనే ఈ రైతులు తలపెట్టిన కార్యమేమో విన్నప్పుడు ఆశ్చర్యము కలుగక మానదు.

వారు తలపెట్టినది ఒక కళాశాల, ఒక బృందగానము. 1881లో కార్ల్ స్వెన్సన్ అను యువ మతాచార్యుడు, అప్పటికి ఇరువదినాలుగేండ్లవాడు, దేవాలయమునకు చేర్చియున్న చిన్నగదిలో పదిమంది విద్యార్థులతో బెతనీ కళాశాలను ప్రారంభించెను. మరుసటి యేడే హేండెలు రచించిన 'మెస్సయా' అను మహాగానమును ఊరివారిచేత పాడించుటకు ఆయనయు, ఆయన భార్య ఆల్మాయు పూనుకొనిరి. ఆ గానము నిపుణులైన గాయకులకే శ్రమసాధ్యము. నాలుగు శ్రుతివర్గములవారు వేర్వేరు దారులలో సాగి, ఒకరినొకరు తఱుముకొని, ఒక్కచోట కలియవలసిన కూర్పు. పాడవలసినవారో, దినమంతయు పొలమున వంగిన రైతులు, వారి యిల్లాండ్రు, కళాశాల పిల్లలు. సాహిత్యము ఆంగ్లము, ఇంట పలుకునది స్వీడిషు. రాత్రులందు కూడి, ఒక్కొక్క చరణమును పదేపదే వల్లించి, 1882 వసంతమున పాడనే పాడిరి. ఏటేట ఈస్టరు పర్వసమయమున ఆ గానము నేటికిని ఇచట సాగుచున్నది. గుడ్‌ఫ్రైడేనాడు బాఖ్ కృతియును దానికి తోడైనది. ఆ బృందమున నిలుచువారిలో స్వీడిషు వంశజులు కానివారు ఎందఱో కలరు. గళము కలిపినవాడెల్ల ఆ ఊరివాడే యని యెంచిన యీ సంప్రదాయమే, నా యెఱిగినంతలో, ఈ ఊరి దీర్ఘాయువునకు మూలము. పాటను ఇంటి నాలుగుగోడల నడుమ దాచుకొనియుండినచో, మనుమల కాలమునకే అది తాతల జ్ఞాపకముగా మిగిలియుండెడిది.

ఊరిలో అడుగుపెట్టినది మొదలు వీథుల మూలలందు, అంగళ్ల ముంగిళ్లలో రంగురంగుల పెద్ద గుఱ్ఱములు మిమ్ము పలుకరించును. స్వీడనులోని డాలార్నా సీమ పల్లెలలో చలికాలపు రాత్రులందు పిల్లలకొఱకు చెక్కిన కొయ్యగుఱ్ఱమే వీనికి మాతృక. మెయిన్ స్ట్రీటున గల హెమ్‌స్లోయ్డ్ అను కార్ఖానాలో ఆ బొమ్మలు తయారగుట కన్నులార చూడవచ్చును. పలకపై అచ్చు గీచి రంపపు యంత్రముతో కోయుదురు. అంచులను గరుకుకాగితముతో నునుపుచేయుదురు. అస్తరు వేసి, ఎఱ్ఱరంగు పూసి ఆరబెట్టుదురు. అటుపిమ్మట చిత్రించువారు కుంచెకు ఒక ప్రక్క తెలుపును, రెండవ ప్రక్క నీలమునో పచ్చనో అద్ది, చేయి ఎత్తకయే ఒక్క విసురున ఆకును దిద్దుదురు. ఆ ఆకు ఒక అంచున తెల్లనై, రెండవ అంచునకు పోవుకొలది ముదురు రంగున కరగిపోవును. జీను, కళ్లెము, పూలదండ అన్నియు అట్టి విసురులే.

దానిని చూచుచు నిలుచున్నంతసేపును నా తలపు ఉదయగిరిమీదికి పోయినది. దుర్గముకొండల కొయ్యను తెచ్చి, నర్ది, బిక్కి మొదలగు జాతులను ఏర్చి, ఆకురాతితో రాచి రాచి గరిటెలు, చెంచాలు, ఫోర్కులు మలచు ముసల్మాను కుటుంబములు అచట తరతరములుగా ఉన్నవి. వారి పనితనమునకు భౌగోళిక గుర్తింపు సయితము లభించినది. ఇచటనో, చెక్కుట యెఱుగని యింటివారును తమ యింటిపేరు వ్రాసిన కొయ్యగుఱ్ఱపు పలకను వాకిట తగిలించుకొందురు. ఉదయగిరి గరిటె దూరనగరముల ప్రదర్శనలకు పోవుచున్నది గాని, ఇరుగుననే యున్న మా కొండాపురపు వంటయిండ్లలో ఎన్నింట కనబడునని అడిగినచో, చెప్పుకొనదగిన సమాధానము రాదు. ఈ భేదము నన్ను మిక్కిలి నొప్పించినది.

బెతనీ కళాశాల ఆవరణలోని సాండ్జేన్ చిత్రశాలను తప్పక దర్శింపుడు. బిర్గర్ సాండ్జేన్ 1894లో స్వీడనునుండి ఉపాధ్యాయుడుగా వచ్చి, 1946 వరకు ఇచటనే బోధించి, 1954లో ఇచటనే కన్నుమూసెను. ఇతరులు చప్పిడి నేలయని తీసివేసిన మైదానములో ఆయనకు ఊదాయు, నారింజయు, నీలియు కనబడినవి. వన్నెలను పలుచగా పూయక, ముద్దలుముద్దలుగా పెట్టెను. దగ్గఱ నిలిచినచో రంగుల గట్టులే తోచును. పది యడుగులు వెనుకకు జరిగినచో అది ఏటి ఒడ్డున నిలిచిన పత్తిమానుల వరుసయగును.

1904లో సెయింట్ లూయీ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనకు స్వీడను ప్రభుత్వము నిర్మించిన దారుమండపమును మరుసటి యేడు ఇచటికి తరలించిరి. నేడది 1898 నాటి పిండిమరకు సమీపమున నున్నది. ఊరికి వాయవ్యమున కొరొనాడో హైట్సు అను గుట్ట కలదు. 1541లో, అనగా కృష్ణరాయలు ఉదయగిరి దుర్గమును వశపఱచుకొన్న ఇరువదియేడేండ్లకు, కొరొనాడో అను స్పానిషు దండనాయకుడు బంగారము వెదకుచు ఈ ప్రాంతమునకు వచ్చెనని చరిత్ర. ఆ గుట్టపై నిలిచెనన్నది ఊరివారి విశ్వాసము. శిఖరమున నున్న రాతికోట మాత్రము 1936 నాటిది; ఆర్థికమాంద్యపు దినములలో పనిలేనివారికి పని కల్పించుటకై కట్టించినది. పదునెనిమిది మాసముల ముట్టడికి నిలిచిన మా గిరిదుర్గము నెఱిగినవారికి ఈ కోట పసిబిడ్డయే. అయినను సాయంకాలమున అందుండి కనబడు గోధుమచేల విస్తీర్ణమును కొనియాడక తప్పదు.

తెలుగువారమగు మనము ఈ ఊరికి ఒక విషయమున ఋణపడియున్నాము. అమెరికాలోని స్వీడిషు లూథరను స్త్రీలు 1892లో ఎమ్మీ ఎవాల్డ్ అను ధీరవనిత నాయకత్వమున తమ మిషనరీ సమాజమును స్థాపించుకొన్నది లిండ్స్‌బోర్గుననే. వారి ఆదరము గోదావరి తీరమునకు ప్రసరించినది. రాజమహేంద్రవరమున షార్లెట్ స్వెన్సన్ పేర వెలసిన స్త్రీల శిక్షణశాల ఆ బంధమునకు గుర్తు. ఓడప్రయాణము వారములతరబడి సాగు ఆ కాలమున, కాన్సాసు పల్లెల యిల్లాండ్రు తాము కంటనైన చూడని తెలుగు బాలికల చదువుకొఱకు చందాలు పోగుచేసిరి.

భోజనము విషయమున శాకాహారులు ముందుగా అడిగి తెలిసికొనుట మేలు. ఇచటి విందులలో మాంసమును ఉర్లగడ్డను కూర్చి చేసిన వంటకములు ప్రధానము. ఒస్ట్‌కాకా అను పాలవంటకమును మాత్రము రుచి చూడుడు. మన జున్నునకు దగ్గఱ చుట్టము. స్వీడిషు నేడు ఈ ఊరి వ్యవహారభాష కాదు. పండుగలందును, పాటలందును మాత్రము వినబడును. బేసి సంవత్సరముల అక్టోబరు మాసమున, 1941లో మొదలైన హిల్నింగ్స్‌ఫెస్ట్ అను ఉత్సవము జరుగును. అపుడు బడిపిల్లలు జానపదవేషములు ధరించి వీథులలో నాట్యమాడుదురు. ఈ సమావేశమున తనివితీరని ప్రతినిధులు ఆ దినములకు మరల రావలెనని కోరుచున్నాను. బస మాత్రము మాసములు ముందుగా కుదుర్చుకొనుడు, ఊరు చిన్నది, వచ్చువారు పెక్కురు.