మేకలకి లేని బెంగ

"సముద్రం చూడ్డానికి వేల్సు దాకా ఎందుకే? మన విశాఖపట్నంలో లేదా?" అన్నాను. మాంచెస్టరులో మా అమ్మాయి దగ్గరికొచ్చి నెలైంది. ఈ నెల్లాళ్ళలో "మనూరికి ఎప్పుడొచ్చేస్తావే?" అని వందసార్లయినా అడిగుంటాను. అడిగినప్పుడల్లా కాఫీ వంకతోనో, ఫోను వంకతోనో లేచిపోయేది. ఈసారి మాత్రం మాట్లాడకుండా కారు తాళాలు తీసింది.

రెండు గంటల ప్రయాణం. ఊరిపేరు లాండుడ్నో. మనం అలా రాసుకుంటాం గానీ పలకడం వేరుట. నాలుక 'ల' దగ్గర ఆనించి గాలి ఊదాలిట. ల, ళ రెండూ ఉన్నవాళ్ళం, మనకో లెక్కా అని ప్రయత్నించాను. వేడి ఉప్మా నోట్లో పెట్టుకున్నట్టయింది గానీ ఊరిపేరు మాత్రం రాలేదు!

అటో కొండ, ఇటో కొండ, మధ్యన నెలవంకలా సముద్రం. ఒడ్డునే బారులు తీరిన హోటళ్ళు. నీళ్ళమీదికి చొచ్చుకుపోయిన పొడుగాటి వంతెన ఒకటుంది. పియర్ అంటారు. 1877లో కట్టారట. దాదాపు 2,300 అడుగులు. వేల్సు మొత్తానికి అదే పొడుగైనదిట. చెక్కల సందుల్లోంచి కాళ్ళకింద సముద్రం కనిపిస్తుంటే కొంగు బిగించి అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇది విశాఖపట్నంలో లేదు.

పెద్దకొండ పేరు గ్రేట్ ఆర్మ్. పైకి తీగమీద వేలాడుతూ వెళ్ళే పెట్టెలున్నాయి గానీ గాలి ఎక్కువైతే నడపరుట. ఆరోజు గాలి నా పక్షాన ఉంది! 1902 నుంచీ నడుస్తున్న ట్రాము ఎక్కాం. ఇనపతాడు కట్టి లాగుతారు. ఒకటి పైకెడుతుంటే రెండోది కిందికొస్తుంది. మా పుట్టింటి నూతిగిలకా, రెండు చేదలూ గుర్తొచ్చాయి. సగం దారిలో దిగి ఇంకో ట్రాము ఎక్కాలి.

అక్కడికి దగ్గర్లోనే రాగిగనులు. నాలుగువేల ఏళ్ళనాటివిట. 1987లో గానీ వాటి సంగతి బయటపడలేదు. రాతి సుత్తులతోనూ, పశువుల ఎముకలతోనూ తవ్వారట. కొన్ని సొరంగాలు ఎంత ఇరుకంటే, ఐదారేళ్ళ పిల్లలే దూరి తవ్వి ఉంటారంటారు. నెత్తిమీద హెల్మెట్టు పెట్టుకుని ఆ కన్నాల్లోకి చూస్తుంటే గుండె కలుక్కుమంది. ఆ తల్లులు పైన నిలబడి, పిల్ల బయటికొచ్చేదాకా ఎంత ఎదురుచూసుంటారో!

శిఖరం 679 అడుగులు. అక్కడ చూశాను వాటిని. తెల్లటి జూలు, వెనక్కి వంగిన కొమ్ములు. మేకలు! "కాశ్మీరు మేకలమ్మా" అంది అమ్మాయి. విక్టోరియా రాణిగారి విండ్సర్ మందలోంచి ఈ ప్రాంతపు మాస్టిన్ ప్రభువు తెచ్చుకున్నవాటి సంతతి అంటారట. ఇప్పుడు ఎవరి పెంపకమూ లేకుండా కొండంతా వాటిదే. 2020లో లాక్‌డౌనప్పుడు మనుషులంతా ఇళ్ళల్లో కూచుంటే ఇవి ఊళ్ళోకి దిగి, ఇళ్ళముందు మొక్కలన్నీ మేసేశాయిట. తమ పెరడే అన్నంత దర్జాగా!

"మనదేశపు మేకలే, పాపం" అన్నాను.

"పాపమెందుకూ? వీటికి ఇదే ఊరు" అంది. కాసేపాగి, "ఇక్కడి పౌరసత్వానికి అప్లికేషను పెట్టానమ్మా. నీతో చెప్పడానికి నెల్లాళ్ళుగా ధైర్యం చాలడంలేదు" అంది.

గాలి హోరు. పమిట సర్దుకునే మిషమీద కళ్ళు తుడుచుకున్నాను. గట్టుమీద ఓ ముసలిమేక మమ్మల్ని ఓసారి చూసి మళ్ళీ మేతలో పడింది. పిల్లమేక దాని పక్కనే లేదు. కాస్త దూరంలో, తనకి నచ్చిన చోట మేస్తోంది.

"ఈ మాట చెప్పడానికి ఇంత కొండెక్కించాలిటే? వంటింట్లో చెప్తే సరిపోయేదిగా" అన్నాను.

ముందు నవ్వింది. తర్వాత ఏడ్చింది. తర్వాత ఇద్దరం ట్రాములో కూచుని, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నాం.

రాత్రి మావారికి ఫోన్ చేసి కాశ్మీరు మేకల్ని చూశామని చెప్పాను.

"అక్కడికెందుకెళ్ళాయోయ్ అవి? తిరిగెప్పుడొస్తాయిట?" అన్నారు నవ్వుతూ.

"ఇంక రావుటండీ. బాగానే ఉన్నాయి" అన్నాను.