టకోమా మంచం, వైట్ రిమ్ దారి
అమెరికాలోని యూటా రాష్ట్రం, కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్. అక్కడి వైట్ రిమ్ రోడ్డు 160 కిలోమీటర్ల మట్టి దారి. పర్మిట్ ఉండాల్సిందే. తాగునీళ్లు దొరకవు. బండి ఆగిపోతే టోయింగ్‌కే 1,000 డాలర్లు దాటుతుంది.

ఈ ట్రిప్ కోసమే నా టొయోటా టకోమా పికప్‌ని రెడీ చేసుకున్నా. వీడియోలు చూస్తే స్టీల్ బంపర్, వించ్, రూఫ్ టెంట్ అన్నీ కొనాలనిపిస్తుంది. ఆగండి! డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ చదవండి. బండి ఎంత మోయగలదో అందులో ఉంటుంది. మనుషులు, సామాను, నీళ్లు అన్నీ ఆ లెక్కలోకే. మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున ఇద్దరికి మూడు రోజులకు నీళ్లే 24 కిలోలు!

అందుకే బంపర్ వద్దనుకున్నా. వెనకాల క్యానపీ, లోపల ప్లైవుడ్ మంచం, మంచి టైర్లు, చిన్న కంప్రెసర్. అంతే. మట్టి దారి ఎక్కగానే టైర్లలో గాలి 35 నుంచి 22 పీఎస్‌ఐకి దించాం. కుదుపులు బాగా తగ్గాయి. తారు రోడ్డెక్కాక మళ్లీ నింపుకోవాలి, మర్చిపోవద్దు.